రాళ్ళ దెబ్బలు తిన్న కుర్రవాడు



పెళ్ళివారికి పంపే ఫొటో కోసం స్టూడియోకి వెళ్ళినప్పుడు ఆ ఫొటోగ్రాఫరు "తల కాస్త ఎత్తమ్మా, నవ్వమ్మా" అంటూంటే, ఉన్న నవ్వు కాస్తా ఎగిరిపోవడం మీలో చాలామందికి అనుభవమే. ఎదుటి మనిషి బిగుసుకుపోకుండా, లోపలి మనిషి పైకి వచ్చేదాకా ఓపిక పట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. అది చేతనైన యూసుఫ్ కార్ష్ గారి గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం.

యూసుఫ్ అనగానే ముస్లిం అనుకుంటాం. కాదు, ఆయన అర్మీనియన్ క్రైస్తవుడు. 1908లో తుర్కుల ఏలుబడిలోని మార్దిన్ అనే ఊళ్ళో పుట్టారు. అర్మీనియన్లను ఊచకోత కోసిన రోజులవి. బంధువుల చావులు కళ్ళారా చూశాడు. చెల్లెలు ఆకలితో పోయింది. ఒకనాడు గోళీల కోసం తుర్కు పిల్లలు రాళ్ళతో కొడితే, నుదుటిమీద నెత్తురుతో ఇంటికి వచ్చి, రేపటినుంచి నేనూ రాళ్ళు పట్టుకెళ్తానన్నాడు. తల్లి దగ్గరకు తీసుకుని, వాళ్ళు తెలియక చేస్తున్నారు నాయనా, విసరక తప్పదనుకుంటే మాత్రం గురి తప్పేట్టు చూసుకో అందిట! కడుపు మండిన సమయంలో ఏ తల్లికి తోస్తుందండీ ఆ మాట?

1922లో కుటుంబమంతా బిడారుతోబాటు నెల్లాళ్ళు నడిచి సిరియాలోని అలెప్పో చేరారు. అక్కణ్ణించి కుర్రవాణ్ణి ఒంటరిగా కెనడాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపించారు. డాక్టరవుదామనుకున్నవాడు మామయ్య స్టూడియోలో పనికి కుదిరాడు. ఆ తరవాత బోస్టన్‌లో జాన్ గారో అనే సాటి అర్మీనియన్ దగ్గర వెలుగునీడల విద్య నేర్చుకుని, 1932లో ఒట్టావాలో సొంత స్టూడియో పెట్టుకున్నారు.

1941 డిసెంబరు 30న చర్చిల్‌ని తీసిన ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. చర్చిల్ మనకు ఆప్తుడేం కాదు, అది వేరే సంగతి. నోట్లోని చుట్ట ఎంతకీ తియ్యకపోతే, కార్ష్ వెళ్ళి, క్షమించండంటూ పుటుక్కున లాగేశారు. ఆ కోపమే ఫొటోలో పడి లోకమంతా తిరిగింది.

నాకు మాత్రం 1948లో తీసిన హెలెన్ కెల్లర్ ఫొటో ఇష్టం. చూపూ వినికిడీ లేని ఆవిడ ముందుగా తన వేళ్ళతో కార్ష్ ముఖాన్ని తడిమి చూసింది. ఫొటో తియ్యడానికి వచ్చినవాడి ముఖాన్ని ఆవిడే ముందు చదివిందన్నమాట!

పోపుల్నీ, ఐన్‌స్టీన్‌నీ, మన నెహ్రూ గారినీ, మదర్ థెరీసానీ, నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌నీ అదే శ్రద్ధతో తీశారు. అందరూ గొప్పవాళ్ళేనా, అంట్లు తోముకునే ఆడదాని ముఖంలో వెలుగు లేదా అని మీరడగవచ్చు. ఆ మాట కొంత నిజమే. అయితే ఫోర్డు కార్ల కార్ఖానా కూలీలనూ, కండరాల జబ్బుతో బాధపడే పసిపిల్లలనూ తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ గోడలకు తగిలించుకోలేదు. ఆ తప్పు చూసేవాళ్ళది కూడాను.

ఇంకొక్క ముచ్చట. 1954లో ఫ్రాన్సులో ఓ పాత మఠంలో, చెల్లో వాయిద్య విద్వాంసుడు పాబ్లో కసాల్స్ వాయిస్తూంటే, ఆ పాటకు మైమరచి ఆయన్ని వెనకవైపు నుంచే తీశారు. ముఖం కనిపించదు, రాతిగోడ, పైన చిన్న కిటికీ, వంగిన వీపు, అంతే. బోస్టన్ మ్యూజియంలో ఆ ఫొటో పెట్టినప్పుడు ఒక ముసలాయన రోజూ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడేవాడుట. ఎందుకు బాబూ అని అక్కడి ఉద్యోగి అడిగితే, ఊరుకోవయ్యా, సంగీతం వింటున్నాను, కనబడటంలేదూ అని కసురుకున్నాడుట.

కార్ష్ 2002లో బోస్టన్‌లో కన్నుమూశారు. ఆయన నెగటివులు కెనడా ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.