పిల్లల నసకీ ఒక దర్బారు

(ఖరగ్‌పూర్‌లో జరిగిన కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను క్రమశిక్షణ మీద మాట్లాడమన్నారు. దాని మీద మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని కార్యదర్శి గారి అనుమతితో చిన్న విషయం ఒకటి తీసుకుంటున్నాను. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు పొద్దస్తమానం పెట్టే నస. "ఈ చొక్కా వద్దు, ఇడ్లీ వద్దు, అక్క నాకేసి చూస్తోంది, ఉక్కగా ఉంది, ఏమీ తోచట్లేదు..." ఇలా సాగుతుంది. మనం నస అంటాం, పక్కింటి బెంగాలీ వాళ్ళు ఘ్యాన్‌ఘ్యాన్ అంటారు. ఆ మాటలోనే చప్పుడంతా ఉంది. చిన్న విషయం అన్నాను గానీ, భర్త ఫీల్డ్ ఏరియాలో ఉండగా ఆ చప్పుడు ఒక్కతే రోజంతా వినే తల్లిని అడిగితే ఎంత చిన్నదో చెబుతుంది.

మన స్టేషన్‌లోని పొడుగాటి ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి గానీ అంతకుముందు ప్రపంచంలో అదే పొడుగని చెప్పుకునేవాళ్ళం. ఒక నాలుగేళ్ళవాణ్ణి వెంటబెట్టుకుని దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూడండి. మొదటి స్టాలు దగ్గర చిప్స్ కావాలంటాడు, వద్దంటాం. రెండో దాని దగ్గర రాగం తీస్తాడు, కసురుతాం. మూడో దగ్గర కాళ్ళు ఈడుస్తాడు. ఐదో స్టాలు దగ్గరకొచ్చేసరికి జనం చూస్తున్నారని, బండి వచ్చేస్తోందని కొనిచ్చేస్తాం. వాడు నేర్చుకున్నదేమిటి? వద్దంటే వద్దని కాదు. ఐదు స్టాళ్ళ దూరం ఏడిస్తే దొరుకుతుందని! మర్నాడు ఇంట్లో కూడా అదే లెక్క.

అమెరికాలో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల మీద ఈ విషయమే పరిశీలించాడు. ఫెర్‌స్టర్ అనే ఆయనతో కలిసి 1957లో పెద్ద పుస్తకం వేశాడు. ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే త్వరగా మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికిన పావురం మాత్రం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. అంటే తొమ్మిదిసార్లు కాదని పదోసారి ఇచ్చేవాడు, ఎప్పుడూ ఇచ్చేవాడికన్నా గట్టి నసని తయారుచేస్తాడన్నమాట.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. జవానుకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు కాజువల్. పూర్తిగా దొరికినా మిగతా తొమ్మిది నెలలూ తండ్రి ఇంట్లో ఉండడు. వచ్చినప్పుడు పండక్కి వచ్చిన చుట్టంలా ఉంటాడు. పిల్లవాడు అడిగిందల్లా గోల్‌బజార్‌లో కొనిపెడతాడు. పాపం, ప్రేమ అలాంటిది, తప్పు పట్టను. తర్వాత కోరమాండల్ ఎక్కి వెళ్ళిపోతాడు. ఆ బిల్లు మాత్రం మిగతా తొమ్మిది నెలలూ తల్లి కడుతుంది. వద్దన్న అమ్మ చెడ్డదైపోతుంది. ఆపైన ఇంట్లో తాత ఒక మాట, నానమ్మ ఒక మాట. రైల్వే ఇళ్ళలో ఇంకో చిక్కు. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన మన పెద్దల కాలం నుంచీ ఉన్నదే అది. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్న మనిషి లేవకూడదని పిల్లవాడు నోరు తెరవగానే ఏదో ఒకటి చేతిలో పెడతారు.

అయితే దెబ్బలు దీనికి మందు కాదు. దెబ్బ కొడితే నస ఏడుపవుతుంది, అంతే తేడా. ముందు చూడాల్సినవి ఒళ్ళూ కడుపూ. ఆకలా, నిద్రా, చెవిపోటా, నులిపురుగులా, రక్తం తక్కువా? 2015 నుంచి ప్రభుత్వం ఫిబ్రవరి 10న నులిపురుగుల దినం జరుపుతోంది, అంగన్‌వాడీల్లో, బడుల్లో మాత్ర ఉచితంగా ఇస్తారు. వేయించండి. నెలల తరబడి నీరసంగా, చిరాగ్గా ఉండే పిల్లవాణ్ణి డాక్టరుకి చూపించండి. రెండోది మాటలు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు వింటారు. కొన్నిసార్లు చెప్పాలనుకున్నదానికి మాట దొరక్క రాగం తీస్తారు. ఆ మాట మనం అందించాలి. "నీళ్ళు కావాలి అను. మామూలు గొంతుతో అను." అలా అనగానే ఇచ్చేయాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే అంతా పాడు.

ఇక అసలు సంగతి. నా సర్వీసులో సణిగే జవాన్లని చాలామందిని చూశాను. లంగరులో సణుగుతారు, బ్యారక్‌లో సణుగుతారు. దానికి ఫౌజ్ ఏం చేసింది? సణగొద్దని ఆర్డరు వేసి ఊరుకోలేదు, దర్బారు పెట్టింది. సైనిక్ సమ్మేళన్‌లో "కోయీ పాయింట్?" అని అడుగుతారు. జవాను లేచి సావధాన్‌లో నిలబడి చెబుతాడు. కుదిరితే చేస్తారు, కుదరకపోతే ఎందుకు కుదరదో అందరి ముందూ చెబుతారు. చెప్పుకునే చోటు ఉందని తెలిస్తే లంగరులో గొణుగుడు సగం తగ్గుతుంది. మరి మన పిల్లవాడికి ఆ చోటు ఎక్కడుంది?

మా ఇంట్లో నాలుగేళ్ళ మనవడికి ఇది పెట్టాం. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు దర్బారు. టీవీ కట్టేస్తాం, ఫోన్లు పక్కన పెడతాం. పగలు నస మొదలైతే మా కోడలు "దర్బారులో చెప్పు నాన్నా" అంటుంది, తన పని తను చేసుకుంటుంది. మొదటి వారం వాడు రెట్టింపు గొడవ చేశాడు. చేస్తారు, అప్పుడు లొంగకూడదు. నెల తిరిగేసరికి పగటి రాగాలు బాగా తగ్గాయి. దర్బారులో వాడి పాయింట్లు వింటే నవ్వొస్తుంది, కానీ నవ్వకూడదు.

ఒక రాత్రి వాడి పాయింటు: బడి వ్యాన్ ఎక్కను. పొద్దున్న పూట అందరు పిల్లలూ అనే మాటే అది. కోడలు "ఎందుకు?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. వాడు మెల్లగా చెప్పాడు, వెనక సీటులో పెద్ద పిల్లలు గిల్లుతున్నారని. చొక్కా ఎత్తి చూస్తే చేతి మీద కమిలిన మచ్చలు. మర్నాడు డ్రైవరుతో మాట్లాడి ముందు సీటు ఇప్పించాం. అప్పటి నుంచి వ్యాన్ పేచీ లేదు.

ఇందుకే చెబుతున్నాను. పిల్లవాడి ప్రతి ఫిర్యాదునీ నస అని కొట్టిపారేస్తే, నిజమైన ఫిర్యాదు మన దగ్గరకి రాదు. ముట్టుకోకూడని చోట ఎవరైనా ముట్టుకున్నా చెప్పడు. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఉంది, 1098 నంబరు ఉంది, కానీ పిల్లవాడు నోరు విప్పితేనే గదా అవి పనిచేసేది.

ఇంకొక మాట, దూరంగా ఉన్న తండ్రులకి. వీడియో కాల్‌లో పిల్లవాడి మీద నేరాల చిట్టా చదవగానే మీరు అక్కడ నుంచే గద్దించకండి. వారానికి ఒకసారి మీరే దర్బారు నడపండి. "కోయీ పాయింట్?" అని అడగండి. తెస్తానన్నది తేండి, తేలేనిది తెస్తానని చెప్పకండి. లీవు మీద వచ్చాక మొదటి రోజునే గోల్‌బజార్ తీసుకెళ్ళకండి. కొత్త పోస్టుకి వెళ్ళినవాడు ముందు హ్యాండింగ్ టేకింగ్ చేసుకుంటాడు, స్టాండింగ్ ఆర్డర్లు చదువుతాడు. ఇంట్లో ఆ ఆర్డర్లు మీ ఆవిడ దగ్గర ఉంటాయి.

మా అబ్బాయి వచ్చే నెలలో లీవు మీద వస్తున్నాడు. కోడలు నాలుగు ఆర్డర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. స్టేషన్ నుంచి ఇంటికి వచ్చే దారిలో వాడికి బ్రీఫింగ్ ఇచ్చే డ్యూటీ నాకు వేసింది.

జై హింద్.