పడి లేచు విద్య
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను మనస్తత్వ శాస్త్రజ్ఞుడను గాను, ఉపాధ్యాయుడనూ గాను. చదివినది ఆర్ట్స్, చేయుచున్నది సచివాలయములో ఫైళ్ల పని. అయినను ప్రాథమిక పాఠశాలలో చదువు పిల్లలకు మనోనిబ్బరము నేర్పుటను గూర్చి మాట్లాడ సాహసించుచున్నాను. ఇందుకు నాకున్న అర్హత ఒక్కటే: ఈ విషయమున నేనొక తప్పు చేసితిని.

మూడేండ్ల క్రిందట ఇట్టి ఉగాది సభలోనే, రెండవ తరగతి చదువుచుండిన మా అమ్మాయి పద్యము చదువుటకు వేదిక నెక్కెను. మొదటి పాదము చెప్పెను. రెండవది జ్ఞప్తికి రాలేదు. సభలో ఎవ్వరును నవ్వలేదు గాని, పిల్లకు మాత్రము అందరును నవ్వినట్లే తోచెను. ఏడ్చుచు దిగి వచ్చెను. ఇంటికి పోవు దారిలో నేను, "ఇంట్లో అంత బాగా అప్పజెప్పావు కదా! ఇంతమాత్రానికే ఏడుస్తారా?" అంటిని. పద్యము మరచుట ఒక తప్పయినది. ఏడ్చుట రెండవ తప్పయినది. ఆ తరువాత పిల్ల తరగతిలో చేయి ఎత్తుట మానినదని ఉపాధ్యాయిని చెప్పువరకు నాకు తెలియలేదు. ఇంటిలో ఏమడిగినను విసుగుకొనుచుండెను. పిల్లకు కోపమెక్కువైనదని నేను నిర్ణయించి, ఆ ఫైలును అంతటితో మూసివేసితిని.

ఆ వేసవిలో మా అమ్మగారు ఊరినుండి వచ్చిరి. రెండు దినములు చూచి, "అది కోపం కాదురా, పిల్ల చిన్నబుచ్చుకుంది" అనిరి. పిదప మనుమరాలిని దగ్గరకు తీసికొని, "ఆ రోజు చిన్నతనంగా అనిపించిందా తల్లీ?" అని అడిగిరి. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చెను. ఆ ఏడుపుతో బాధయంతయు తీరినదని చెప్పను. కాని ముడి అక్కడనే వదులైనది.

నిబ్బరమనగా ఏడువకుండుట యని మనలో పెక్కుమంది తలంతురు. నేనును అట్లే తలంచితిని. ఏడుపును దిగమ్రింగుట నిబ్బరము కాదు. ఏడ్చిన పిమ్మట తేరుకొనుట నిబ్బరము. కలగిన నీరు కొంత సేపటికి తానే తేరుకొనును; కదలించుచున్నంతసేపు తేరదు. పసివాని మనస్సును అట్టిదే. మన మందలింపులు ఆ నీటిని మరల మరల కలచుచున్నవి.

ఈ తేరుకొను విద్యలో మొదటి పాఠము, కలిగిన బాధకు పేరు పెట్టుట. మన భాషలో ఇందుకు ఎన్ని మాటలున్నవో చూడుడు: బెంగ, దిగులు, అలక, ఉక్రోషము, బెదురు, చిన్నతనము. ఇవి ఒకటి కాదు. వీనికి మందును ఒకటి కాదు. బెంగకు తోడు కావలెను. అలకకు బుజ్జగింపు కావలెను. ఉక్రోషమునకు కొంత వ్యవధి కావలెను. ఢిల్లీలో పెరుగు మన పిల్లల నోట 'సాడ్', 'యాంగ్రీ', 'బోర్' అను మూడు మాటలే తరచుగా వినవచ్చుచున్నవి. తండ్రికి బదిలీయై, పాత బడిని, పాత స్నేహితులను విడిచివచ్చిన పిల్ల 'బోర్' అన్నచో, అది విసుగు కాదు, బెంగ. ఆ మాటను మనమే అందింపవలెను. 2007లో మాథ్యూ లీబర్‌మన్, ఆయన సహచరులు అమెరికాలో ఒక పరిశోధనను ప్రకటించిరి. కోపము, భయము కనబడు ముఖముల చిత్రములను పెద్దవారికి చూపి, ఆ భావమునకు పేరు చెప్పించినపుడు, మెదడులో భయాదులకు స్పందించు భాగపు ఉద్రేకము తగ్గుట వారు గమనించిరి. మా అమ్మగారు ఆ పరిశోధనను చదువలేదు. ఒక్క మాటతో ఆ పనినే చేసిరి.

రెండవ పాఠము, చిన్న ఓటములను అభ్యాసము చేయించుట. వైకుంఠపాళిలో పాము నోట పడిన పిల్లవాడు పలకను తిరుగవేసి లేచిపోవును. వానిని గెలిపించుటకై మనము దొంగ పందెము వేయుదుము. అది ప్రేమయే గాని, వానికి దక్కవలసిన పాఠమును మనమే దోచుకొనుచున్నాము. ప్రక్కన కూర్చుండి, "అయ్యో, పాము మింగేసిందే! మళ్ళీ వేద్దామా?" అనుట మేలు. మెచ్చుకొనుటలోను జాగ్రత్త వలయును. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనువారు అయిదవ తరగతి పిల్లలతో జరిపిన ప్రయోగములను ప్రకటించిరి. మొదట ఇచ్చిన పొడుపులను సాధించినపుడు కొందరిని తెలివిగలవారని, కొందరిని బాగుగా శ్రమించితిరని మెచ్చుకొనిరి. పిదప కఠినమైనవి ఇచ్చిరి. వానిలో విఫలులైన పిమ్మట, తెలివికి మెప్పు పొందినవారు శ్రమకు మెప్పు పొందినవారికంటె త్వరగా నిరుత్సాహపడిరి. తెలివి పేరు పొందినవానికి ఓటమి ఆ పేరునే పోగొట్టునట్లు తోచును. శ్రమకు పేరు పొందినవానికి, మరల శ్రమించు దారి మిగిలియుండును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. హవాయి దీవులలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది శిశువుల జీవితములను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అను పరిశోధకులు దశాబ్దముల పర్యంతము గమనించిరి. పేదరికము, ఇంటిలో కలహములు, తలిదండ్రుల రోగములు మున్నగు పెక్కు కష్టముల నడుమ పెరిగిన పిల్లలలో సుమారు మూడవ వంతు మంది సమర్థులై, ఇతరుల మేలు కోరువారై ఎదిగిరి. వారికి సాయపడిన వానిలో ఒకటి, చిన్ననాట తమను విడువక అంటిపెట్టుకొనిన పెద్ద ఒక్కరైనను ఉండుట. ఆ పెద్ద తల్లియో తండ్రియో కానక్కరలేదు. అవ్వ కావచ్చును, ఉపాధ్యాయిని కావచ్చును.

పాఠశాలలు ఈ పనిని గుర్తింపకపోలేదు. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2018 జూలై 2న, నర్సరీ మొదలు ఎనిమిదవ తరగతి వరకు, ఆనంద పాఠ్యక్రమము ప్రారంభింపబడెను. కాని దీనికి ప్రత్యేకమైన పీరియడు లేకున్నను, లెక్కల గంటలోనే ఎంతో చేయవచ్చును. నల్లబల్లపై తాను చేసిన పొరపాటును ఉపాధ్యాయిని పిల్లల యెదుట నవ్వుచు దిద్దుకొనినచో, అదియే ఒక పాఠము.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. నిబ్బరము పేరిట బాలునిచేత అన్యాయమును భరింపజేయరాదు. తోటివారు వేధించుచున్నను, బడిలో కొట్టుచున్నను, "ఓర్చుకో" అనుట పెద్దరికము కాదు. దానిని ఆపుటయే పెద్దరికము. 2009 నాటి విద్యా హక్కు చట్టపు 17వ విభాగము శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. పిల్లవాడు వారముల తరబడి తినక, నిద్రింపక, ఆటలు మానియున్నచో, అది వైద్యునికి చూపవలసిన విషయము.

మా అమ్మగారు ఊరికి వెళ్లిన తరువాత ఒక రాత్రి మా అమ్మాయి, "నాన్నా, నువ్వెప్పుడైనా మర్చిపోయావా?" అని అడిగినది. మొదటిసారి వ్రాసిన పోటీ పరీక్షలో తప్పిన సంగతిని, ఆ ఫలితమును నాలుగు దినములు ఇంటిలో చెప్పలేకపోయిన సంగతిని చెప్పితిని. అంతవరకు ఆమెకు నా ఉద్యోగము మాత్రమే తెలియును. దాని వెనుకనున్న పాము నోరు తెలియదు. "మరి ఏడ్చావా?" అనెను. "ఏడ్చాను" అంటిని. పిల్ల చాలసేపు ఆలోచించి, నా చేతిమీద తల పెట్టుకొని నిద్రించెను.

మన క్వార్టర్లలో పెరుగు పిల్లలలో పెక్కుమందికి అవ్వలు, తాతలు వేయి మైళ్ల దూరమున ఉన్నారు. ఆ లోటును కొంతవరకు ఈ సంఘము తీర్పగలదు. పెద్ద నిధులు అక్కరలేదు. రాబోవు ఉగాదికి వేదికపై ఏ పిల్లయైన పద్యము మరచినచో, మనలో ఒకరు లేచి వెళ్లి ప్రక్కన నిలిచి, తరువాతి మాట అందింతము. అప్పటికిని రాకున్నచో, వచ్చినంతవరకు చప్పట్లు కొట్టుదము. మా అమ్మాయి ఈ సంవత్సరము పేరు ఇచ్చినది. మరచినను మరచును. ఈసారి నేను మొదటి వరుసలో కూర్చుందును.