మీ ఊరి గురించి చెప్పమంటే

(పల్లెలో రాత్రిబడి మొదలుపెట్టిన రోజు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం మాట్లాడుకునేది ఒక పరీక్ష గురించి. ఐఈఎల్‌టీఎస్ అంటారు, టోఫెల్ అంటారు, నర్సులకైతే ఓఈటీ అని ఇంకోటుంది. పేరేదైనా పని ఒకటే. పరాయి దేశం పోయి చదవాలన్నా, కొలువు చేయాలన్నా నీకు ఇంగ్లీషు ఎంతవరకు వచ్చో కొలిచి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం మామూలుగా రెండేళ్లు చెల్లుద్ది. ఐఈఎల్‌టీఎస్ ఫీజు పదహారు వేల పైమాటే, ఓఈటీకి అంతకన్నా ఎక్కువ. మిరపకోతకి రోజుకి నాలుగొందలు అనుకున్నా నలభై రోజుల కూలి. నలభై రోజులు అమ్మ నడుం వంచితే పిల్ల ఒక్కసారి పరీక్ష రాస్తది. తప్పితే మళ్లీ నలభై రోజులు. ఇందులో కోచింగు సెంటరు ఫీజు కలపలేదు, గుంటూరులో గది అద్దె కలపలేదు. ఇది ఒక పిల్ల సొంత గొడవ కాదు, పల్లె అంతా కూర్చుని ఆలోచించాల్సిన గొడవ అని మేం అంటున్నది ఇందుకే.

నర్సు పని మన ఆడబిడ్డలకి కొత్తగాదు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరమ్మ ఇక్కడ ఆస్పత్రి కట్టించింది. ఆ మిషను ఆస్పత్రుల నీడన మన పల్లెల ఆడబిడ్డలు తెల్లచీర కట్టారు. ఇయ్యాల వాళ్ల మనవరాళ్లు ఇంగ్లండు వైపు చూస్తన్నారు. అక్కడి నర్సుల కౌన్సిలు ఏం అడుగుతుందో తెలుసుకోండి. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలో ఏడేసి రావాలి, రాయడంలో ఆరున్నర. 2018 దాకా రాయడంలోనూ ఏడే అడిగేవాళ్లు. ఓఈటీని 2017 నుంచి ఒప్పుకుంటున్నారు. 2023 నుంచి ఏడాది లోపల రెండుసార్లు రాసిన మార్కులు కలుపుకోవచ్చు, ఏ విభాగంలోనూ అర మార్కుకి మించి తగ్గకూడదు. ఈ చివరి సంగతి కొందరు ఏజెంట్లు చెప్పరు. చెబితే మూడోసారి, నాలుగోసారి ఫీజు ఎవరు కడతారు?

పరీక్ష ఎట్టా ఉంటదో కూడా చెప్పుకుందాం. వినేదాంట్లో నలభై ప్రశ్నలు. ఒక్కసారే వినిపిస్తారు, రెండోసారి లేదు. స్పెల్లింగు తప్పితే మార్కు పోద్ది. చదివేదాంట్లో గంటకి నలభై ప్రశ్నలు. రాసేది గంట, రెండు ముక్కలు. ఒకటి 150 మాటలు, ఇంకోటి 250. ఇక మాట్లాడటం పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు, ఎదురుగా మనిషి కూర్చుంటాడు. మన పిల్లలు కూలబడేది ఇక్కడే.

మొదట్లోనే అడిగే మాటల్లో 'మీ ఊరి గురించి చెప్పు' అనేది ఒకటి. ఎంత సులువు ప్రశ్న! కానీ మన పిల్ల నోరు పెగలదు. ఎందుకని? ఊరు అంటే ఊరు చెప్పాలా, పల్లె చెప్పాలా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన నేల మీద ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ ఊరు తనదని చెప్పుకోడానికి మనసొప్పదు, పల్లె పేరెత్తితే కులం తెలిసిపోద్దని భయం. ఈ భయం ఇంగ్లీషు రాక వచ్చింది కాదు, ఇంటర్లో, హాస్టల్లో, బస్సులో 'మీదే ఊరు, ఏ బజారు' అని అడిగి అడిగి మనకి ఎక్కించింది. దానికి కోచింగు మాస్టారు ఏం చేస్తాడు? ఒక కాగితం ఇస్తాడు. మా ఊళ్లో అందమైన గుడి ఉంది, పార్కు ఉంది, జనం స్నేహంగా ఉంటారు అని. ఆ గుడిలోకి తనని రానిచ్చారో లేదో పిల్లకి తెలుసు. బట్టీపట్టి అప్పజెప్పబోయి మధ్యలో ఆగిపోద్ది. ఆగకపోయినా బట్టీ మాటని పరీక్ష పెట్టేవాడు ఇట్టే పట్టేస్తాడు.

మేం ఇంకో దారి పట్టాం. ఒక చెల్లెల్ని కూర్చోబెట్టి, మిరప కల్లం గురించి చెప్పమ్మా అన్నాం. కాయలు ఎట్టా ఆరబోస్తారు, తాలుకాయ ఎట్టా ఏరతారు, తొడిమలు తీస్తే వేళ్లు ఎట్టా మండుతయ్యి, మంచు పడితే రంగు ఎట్టా పోద్ది, యార్డుకి టిక్కీలు పోయాక ఎవడు ధర కడతాడు? ముందు తెలుగులో, తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో రెండు నిమిషాలు ఆగకుండా చెప్పింది. వ్యాకరణం తప్పులున్నయ్యి, అవి దిద్దొచ్చు. ఆ పరీక్షలో చూసేది నాలుగే: ఆగకుండా అతుకుతూ మాట్లాడటం, మాటల సంపద, వ్యాకరణం, ఎదుటివాడికి అర్థమయ్యే ఉచ్చారణ. దొరల యాస రావాలని ఎక్కడా లేదు. మార్కులేసే కాగితంలో కులం గడి లేదు, గుడి ఉందా అనే గడీ లేదు. మిరప కల్లం గురించి మన పిల్లకన్నా ఎక్కువ తెలిసినవాడు బ్రాడీపేటలో ఎవడున్నాడు?

మరి మాస్టారు అక్కర్లేదా అంటారు. కావాలి. కానీ దేనికి కావాలో తెలిసి డబ్బు కట్టాలి. వినడం, చదవడం ఒంటరిగా సాధన చేయొచ్చు. కేంబ్రిడ్జి వాళ్ల పాత ప్రశ్నపత్రాల పుస్తకాలున్నయ్యి, వెనక జవాబులున్నయ్యి, గడియారం పెట్టుకుని రాసి మనమే దిద్దుకోవచ్చు. మనకి మనం దిద్దుకోలేనివి రెండే, రాయడం, మాట్లాడటం. మాస్టారిని అడగాల్సింది వారానికి ఎన్ని వ్యాసాలు ఎర్రసిరాతో దిద్దుతావు, నాతో ఎన్ని నిమిషాలు మాట్లాడతావు అని. అరవై మందిని హాల్లో కూర్చోబెట్టి మైకులో చెప్పేవాడికి ఈ రెండూ కుదరవు. 'ఏడు గ్యారంటీ' అనేవాడి గడప తొక్కొద్దు. నర్సు చెల్లెళ్లు ఓఈటీ సంగతి కూడా చూడండి. అందులో రోగితో మాట్లాడాలి, రోగి గురించి ఉత్తరం రాయాలి. వార్డులో రాత్రీపగలూ చేసే పనే.

పెద్దలు కొందరు మాతృభాష మీద మనకి సుద్దులు చెబుతారు. వాళ్ల పిల్లలు ఏ బళ్లో చదివారో అడిగితే మాట మారుస్తారు. 2019లో సర్కారు బళ్లన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2023లో సర్కారు బడి పిల్లలకి టోఫెల్ నేర్పుతామని అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. పైనుంచి వచ్చేవి వస్తయ్యి, పోతయ్యి. మన పిల్ల వయసు ఆగదు. తెలుగు మనదే, జాషువా పుట్టిన వినుకొండ ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఇంగ్లీషూ కావాలంటున్నాం. 1913లో బాబాసాహెబ్ బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద కొలంబియా పోయాడు. ఇయ్యాల కేంద్రం ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్పులు ఏడాదికి 125, అందులో ఎస్సీలకి 115. దేశం మొత్తానికి! 2022లో ఇంకో మెలిక పెట్టారు, ఆ డబ్బుతో భారతదేశ చరిత్ర, సంస్కృతి, ఇక్కడి సమాజం మీద చదువుకోకూడదంట. బాబాసాహెబ్ కొలంబియాలో 1916లో చదివిన మొదటి పత్రం కులాల పుట్టుక మీదే గదా! ఆయన్ని ఇయ్యాల పంపేవాళ్లు కాదన్నమాట.

సరే, పనిలోకి వద్దాం. రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన వారానికి రెండు రాత్రులు వస్తానన్నారు. పదిమంది పిల్లలం కలిసి ఆయనకి బస్సు ఛార్జీ, కొద్దిగా జీతం ఇస్తాం. కోతలు ముమ్మరంగా ఉన్నాయి కాబట్టి తరగతి రాత్రి ఏడున్నరకి, కమ్యూనిటీ హాల్లో. ఆడపిల్లల్ని ఇళ్లకి దిగబెట్టే పని ఇద్దరు అక్కలు ఒప్పుకున్నారు. పుస్తకాల సెట్టు ఒకటే ఉంది, ఎవరూ ఇంటికి పట్టుకుపోవద్దు. ఆదివారం గుడి ఆరాధన అయ్యాక ప్రతివాళ్లూ లేచి రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి, నవ్వినవాళ్లు తర్వాత లేచి మాట్లాడాలి. మొదటి ఆదివారానికి విషయం పత్తితీత. రెండోదానికి మీ అమ్మ. పేర్లు ఇప్పుడే రాయించండి, కాగితం ఇటు ముందు నుంచి వస్తంది.