ర్యాంకు లేని చోట మన పిల్లలు

(మహాసభల విద్యా వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నే పెసరట్టు వరస వదులుకుని మీరంతా ఈ గదికి వచ్చారు.

పక్క గదిలో మంచి కాలేజీలో సీటు తెచ్చుకోవటం ఎలా అన్న విషయం మీద చర్చ జరుగుతోంది. అక్కడ నిలబడటానికి కూడా చోటు లేదట. నాకు అప్పగించింది సీటు వచ్చిన తరవాతి సంగతి. అందుకే ఇక్కడ కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. సీటు వచ్చిన రోజున మనం పదిమందిని పిలిచి భోజనాలు పెడతాం, కారు వెనక అద్దానికి యూనివర్సిటీ స్టిక్కరు అంటిస్తాం, ఇక మన వంతు ఫీజు కట్టటమే అనుకుంటాం. పిల్లలకు అసలు పరీక్ష మొదలయ్యేది ఆ తరవాతే.

నేను ప్రొఫెసర్ని కాను, కౌన్సిలర్ని కాను. అక్కడ ఇంజనీరింగు, ఇక్కడ ఎం.ఎస్. చేసి, ఇరవై ఏళ్ళకు పైగా సాఫ్ట్‌వేరు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఏ వస్తువు కొన్నా ముందు మాన్యువల్ తిరగేసే అలవాటు మా వృత్తిలోవాళ్ళది. ఆ అలవాటు కొద్దీ మా ఊరి పిల్లలు చేరిన యూనివర్సిటీల నిబంధనలు చదవటం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒక సంగతి తేటపడింది. కష్టమైన చదువు చెప్పే యూనివర్సిటీలు, పిల్లలు తడబడతారని ముందే లెక్క వేసుకుని, పడితే పట్టుకోవటానికి నిబంధనల్లోనే ఒక వల కట్టి ఉంచాయి. వల ఉందని పిల్లలకు తెలుసు. దాన్ని వాడుకోవటానికి వాళ్ళు జంకేది యూనివర్సిటీని చూసి కాదు, మనల్ని చూసి.

మనల్ని చూసి ఎందుకు జంకాలి? మనం నడిచి వచ్చిన దారి అలాంటిది. మనలో చాలామందికి ఎంసెట్ ర్యాంకు పుట్టినతేదీలాగా జీవితాంతం గుర్తుంటుంది. కాలేజీ ఏదో, బ్రాంచి ఏదో ఆ ర్యాంకే నిర్ణయించింది. జె.ఎన్.టి.యు.లో 75 శాతం హాజరు లేకపోతే కండొనేషను, అదీ కుదరకపోతే డిటెన్షను. సబ్జెక్టు తప్పితే బ్యాక్‌లాగ్, ఆ తరవాత సప్లిమెంటరీ. మళ్ళీ రాసి పాసైనా, మార్కుల మెమో మీద పరీక్ష జరిగిన నెలా సంవత్సరమూ అచ్చయి, మనం ఎప్పుడు గట్టెక్కామో చూసినవాళ్ళందరికీ చెప్పేది. ఏడాది పోయిందంటే చుట్టాలందరికీ తెలిసేది. అక్కడ నిబంధన అంటే శిక్ష. అందుకే మన అమ్మాయి ఫోనులో "ఒక కోర్సు డ్రాప్ చేశాను నాన్నా" అంటే మన చెవికి "తప్పాను" అని వినిపిస్తుంది.

ఇప్పుడు ఎం.ఐ.టి. సంగతి చూద్దాం. అక్కడ ప్రతి కోర్సుకీ ఇన్ని యూనిట్లని ఉంటాయి. యూనిట్లంటే వారానికి ఎన్ని గంటల పని అన్న లెక్క. మొదటి కాల్క్యులస్ కోర్సు పక్కన 5-0-7 అని రాసి ఉంటుంది. క్లాసులో 5 గంటలు, లాబులో సున్న, సొంతంగా కూర్చుని చేసే పని 7, మొత్తం 12. అలాంటివి నాలుగు తీసుకుంటే వారానికి 48 గంటలు. ఇది మన ఉద్యోగం కన్నా ఎక్కువే. ఏ శాఖలో పట్టా తీసుకున్నా కాల్క్యులస్ రెండు, ఫిజిక్స్ రెండు, కెమిస్ట్రీ ఒకటి, బయాలజీ ఒకటి, ఇవికాక సాహిత్యం, కళలు, సామాజిక శాస్త్రాల వైపు నుంచి ఎనిమిది కోర్సులు పూర్తి చెయ్యాలి. అక్కడ చదువంటే ఫైరింజను గొట్టంతో నీళ్ళు తాగటమేనని పాత మాట ఒకటుంది. 1991లో విద్యార్థులు నిజంగానే మంచినీళ్ళ కుళాయికి ఫైర్ హైడ్రెంటు తగిలించి ఆ మాటకు రూపం కట్టారు. దాన్ని తరవాత స్టాటా సెంటర్లో ప్రదర్శనకు పెట్టారు.

ఇంత కఠినమైన చోట మొదటి సెమిస్టరులో గ్రేడులు బయటికి పోవు. ఎ, బి, సి ఏది వచ్చినా ట్రాన్స్‌క్రిప్టులో పాస్ అనే ఉంటుంది. డి గాని ఎఫ్ గాని వస్తే ఆ కోర్సు తీసుకున్నట్టే బయటి ట్రాన్స్‌క్రిప్టులో కనపడదు. అది తప్పనిసరి కోర్సయితే మళ్ళీ చదవాలి, అంతే. ఈ పద్ధతి 1968లో ప్రయోగంగా మొదలైంది. మొదట్లో ఏడాది పొడుగునా ఉండేది. 2002 నుంచి మొదటి సెమిస్టరుకు కుదించి, రెండో సెమిస్టరులో ఎ, బి, సి లను నమోదు చేస్తూ, డి, ఎఫ్ లను మాత్రం వదిలేస్తున్నారు. తరవాతి సంవత్సరాల్లో కూడా సెమిస్టరు చాలా దూరం నడిచేదాకా కోర్సును డ్రాప్ చెయ్యవచ్చు. మొదటి ఏడాది అయ్యాక తనకు నచ్చిన శాఖ ఎంచుకోవచ్చు, కంప్యూటర్ సైన్సుకు కటాఫ్ లేదు. అన్నిటికన్నా మనవాళ్ళకు మింగుడుపడని సంగతి ఇంకొకటుంది. అక్కడ క్లాసు ర్యాంకు లేదు, డీన్స్ లిస్టు లేదు, పట్టా మీద డిస్టింక్షను లేదు. మనవాడు ఎన్నోవాడు అని అడిగితే చెప్పటానికి జవాబే లేదు!

ఇదంతా గారాబం అనుకోకండి. దీని వెనక ఉన్నది అంకగణితం. తమ తమ హైస్కూళ్ళలో మొదటివరసలో ఉన్నవాళ్ళందరినీ తెచ్చి ఒక గదిలో కూర్చోబెడితే, వాళ్ళలో సగంమంది కింది సగంలో ఉండక తప్పదు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా కింది సగంలో లేని పిల్లకు అది పెద్ద దెబ్బ. ఆ దెబ్బ తగిలి, లేచి, చదివే తీరు మార్చుకోవటానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధినే నిబంధనగా రాసిపెట్టారు. అలాగని వదిలేయరు కూడా. ప్రతి సెమిస్టరు చివరా ఒక కమిటీ అందరి పురోగతినీ చూస్తుంది. వెనకబడినవాళ్ళకు వార్నింగు ఇస్తుంది, అవసరమైతే కొంతకాలం ఆగి రమ్మంటుంది. అలా వెళ్ళి, తిరిగివచ్చి పట్టా తీసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఎం.ఐ.టి. ఒక్కటే ఇలా ఉందనుకోవద్దు. కాల్‌టెక్‌లో మొదటి రెండు టర్ములు పాస్ ఫెయిల్ పద్ధతే. జార్జియా టెక్‌లో మొదటి ఏడాది డి, ఎఫ్ వచ్చిన కోర్సు తిరిగి చదివితే పాత గ్రేడును సగటులోంచి తీసేసే వెసులుబాటు ఉంది. అయితే అట్లాంటా వాళ్ళు ఇక్కడ ఒక మెలిక గుర్తుపెట్టుకోవాలి. 1993లో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ రాష్ట్రానిది, దాని లెక్క వేరు. దానికి 3.0, జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు 3.3 సగటు నిలబెట్టుకోవాలి. యూనివర్సిటీ మాఫీ చేసిన గ్రేడును రాష్ట్రం మాఫీ చెయ్యదు, రెండు ప్రయత్నాలనూ కలిపే లెక్కిస్తుంది. మధ్యలో మానేసిన కోర్సు గంటలు కూడా ప్రయత్నించిన గంటల్లో చేరతాయి. అంటే వెసులుబాటు ఉందనగానే కళ్ళు మూసుకుని వాడెయ్యటం కాదు. ఎక్కడ ఎంత ఖర్చవుతుందో చూసుకుని వాడుకోవాలి. ఆ లెక్క ఇంట్లో కూర్చుని కలిసి వేసుకోవలసినది.

మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. పేరూ ఊరూ వద్దు. అబ్బాయి హైస్కూల్లో ఆణిముత్యం. పెద్ద యూనివర్సిటీలో చేరాడు. మొదటి సెమిస్టరులోనే రెండు కోర్సులు గడ్డుగా నడిచాయి. డ్రాప్ చెయ్యమని అక్కడి సలహాదారు చెప్పాడు. చేస్తే ఇంట్లో తెలుస్తుందని చెయ్యలేదు. రెండూ తప్పాడు. వారం వారం తల్లి ఫోను చేసి "తిన్నావా నాన్నా, చదువు ఎలా ఉంది" అంటే "బానే ఉందమ్మా" అనేవాడు. మూడో సెమిస్టరుకు క్లాసులకే పోవటం మానేశాడు. గదిలో పగలు నిద్ర, రాత్రి వీడియో గేములు. తల్లిదండ్రులకు తెలిసేటప్పటికి ఏడాదిన్నర గడిచింది. తండ్రి నాతో అన్నది ఒక్క మాట: "వాడు తప్పినందుకు కాదండీ, అన్నాళ్ళు వాడు ఒక్కడే మోశాడు, అదీ నా బాధ." ఆ అబ్బాయి ఒక ఏడాది ఇంటి దగ్గరున్న కమ్యూనిటీ కాలేజీలో చదివి, తేరుకుని, ఇప్పుడు శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. అందరి కథలూ అలా ముగియవు. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు మనమందరం ఇక్కడ కూర్చుని చదివాం. ఆ భయం విమానం ఎక్కి మనతో పాటే ఈ దేశానికి వచ్చింది.

ఏడాదిన్నర ఎలా తెలియకుండా ఉంటుందని మీరు అడగవచ్చు. ఫెర్పా అని 1974 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. పిల్లలు కాలేజీలో చేరగానే వాళ్ళ చదువు రికార్డుల మీద హక్కు వాళ్ళదవుతుంది. ఫీజు మనం కట్టినా సరే, గ్రేడులు మన ఇంటికి రావు. మన టాక్స్ రిటర్నులో పిల్లలు డిపెండెంటుగా ఉంటే యూనివర్సిటీ మనకు చెప్పవచ్చని చట్టం అంటుంది గాని, చెప్పి తీరాలని అనదు. ప్రాణాపాయం లాంటి అత్యవసర పరిస్థితిలోనూ చెప్పవచ్చు. పిల్లలు సంతకం చేసి అనుమతి ఇస్తే సరే సరి. 2018లో మాసచూసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఎం.ఐ.టి. మీద వచ్చిన ఒక దావాలో తీర్పు చెబుతూ, విద్యార్థి ఆత్మహత్యకు ప్రయత్నించాడనో, చేసుకోబోతున్నానని చెప్పాడనో యూనివర్సిటీకి స్పష్టంగా తెలిసినప్పుడు తగిన చర్య తీసుకునే బాధ్యత ఉంటుందని చెప్పింది. ఆ కేసులో మాత్రం ఎం.ఐ.టి.ది తప్పు లేదంది. తెలిసినప్పుడు అన్న మాట గమనించండి. పిల్లలు నోరు విప్పకపోతే యూనివర్సిటీకీ తెలియదు, మనకీ తెలియదు.

మన ఇళ్ళకు వారాంతాల్లో భోజనానికి వచ్చే ఎం.ఎస్. పిల్లల గురించి కూడా ఒక ముక్క. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు కోర్సు ఊరికే డ్రాప్ చేస్తే స్టేటస్సు పోవచ్చు. అయితే వాళ్ళకూ దారి ఉంది. అమెరికా బోధనా పద్ధతి కొత్త కావటం వంటి చదువు ఇబ్బందులుంటే ఒక డిగ్రీ స్థాయిలో ఒకసారి, అనారోగ్యం ఉంటే మొత్తం మీద 12 నెలల దాకా, కోర్సులు తగ్గించుకోవచ్చు. ముందుగా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి తీసుకోవాలి. రూమ్మేటు చెప్పిన మాట విని కాదు. మీ ఇంట్లో అన్నం తినే అబ్బాయికి ఈ మాట చెప్పండి, కూర వడ్డించినంత మేలు.

ఇక మనం చెయ్యగలిగింది ఏమిటి? ఆగస్టులో పిల్లల్ని దింపటానికి వెళ్ళే ముందే యూనివర్సిటీ నిబంధనలు కలిసి చదవండి. డ్రాప్ చెయ్యటానికి చివరి తేదీ కాలెండరులో రాసుకోండి. ఆ తేదీకి రెండు వారాల ముందు "ఏదైనా కోర్సు వదిలేస్తే తేలికవుతుందా?" అని మీరే అడగండి. మీరు అడిగారంటే అది తప్పు కాదని వాళ్ళకు అర్థమవుతుంది. ఫోనులో "ఎన్ని మార్కులు" అనే బదులు "ఎవరితో కలిసి హోంవర్కు చేస్తున్నావు" అని అడగండి. చాలా కోర్సుల్లో కలిసి ఆలోచించటం అనుమతే. రాసేది మాత్రం సొంతంగా రాసి, ఎవరితో చర్చించారో పేరు పెట్టాలి. ఏ మేరకు కలవవచ్చో, ఎ.ఐ. సాయం తీసుకోవచ్చో లేదో ప్రతి ప్రొఫెసరూ సిలబస్‌లో చెబుతారు, దాన్ని చదవమనండి. ఒంటరిగా కుస్తీ పట్టేవాళ్ళే ముందు అలిసిపోతారు. ఇక మాటలో నిరాశ ధ్వనిస్తే ఆలస్యం చెయ్యకండి. 2022 నుంచి దేశమంతటా 988 నంబరు పనిచేస్తోంది. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోను చెయ్యవచ్చు, మెసేజీ పంపవచ్చు.

ఇంకొక మాట, ఇది మన కోసం. మన పార్టీల్లో, గుళ్ళో, ఈ మహాసభల్లో కూడా, పక్కింటి పిల్ల గురించి "ఏ కాలేజీ, జి.పి.ఎ. ఎంత" అని అడగటం కాస్త తగ్గిద్దాం. పిల్లలు దాచేది తల్లిదండ్రుల కోసమైతే, తల్లిదండ్రులు దాచేది మన కోసం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో ఓడినా పరవాలేదు అని తెలిసిన పిల్లలే రచ్చలో ధైర్యంగా నిలబడతారని నాకనిపిస్తుంది.

ప్రశ్నలుంటే ఇక్కడే ఉంటాను. పెసరట్లు ఇంకా మిగిలి ఉంటే అక్కడ కూడా మాట్లాడుకోవచ్చు.