చేప తేలకుండానే చెరువు గొడ్డుపోతుంది

చెరువులో చేపలు తేలితే నీళ్లు చెడ్డాయని అందరమూ గుర్తుపడతాము. ఒక్క చేపా తేలకుండానే సంతానము ఆగిపోయే విధము ఒకటున్నది. ఈ పూట దాన్ని గురించి చెబుతాను.

కెనడా దేశములో, అంటారియో రాష్ట్రమున, పరిశోధనకని కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 వరకు మూడు వేసవులు ఇథినైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ స్త్రీ హార్మోనును కలిపి చూశారు. గర్భనిరోధక మాత్రలలో వాడే హార్మోనే అది. మూత్రముతో మురుగునీటిలో చేరి, శుద్ధి చేసినా పూర్తిగా పోక, నదులలోకి వస్తుంది. ఎంత కలిపారంటారా? లీటరుకు 5, 6 నానోగ్రాములు. ఈ లెక్క మన చేతికందదు. 25 ఎకరాల చెరువులో ఆరున్నర అడుగుల నీరుందనుకోండి. అందులో ఒక్క గ్రాము వేస్తే సుమారు అంత అవుతుంది.

ఆ సరస్సులో ఫాట్‌హెడ్ మిన్నో అనే వేలెడంత చేప ఉన్నది. గుడ్డు సొనకు కావలసిన విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తును ఆడచేప కార్జము తయారుచేస్తుంది. దాని జన్యువు మగచేపలోను, పిల్లచేపలోను ఉంటుంది గాని నిద్రలో ఉన్నట్లే ఉంటుంది. నీటిలోని హార్మోను కార్జపు కణములో చేరి ఆ జన్యువును తట్టి లేపింది. మగచేపల ఒంట్లో అక్కరలేని సొన సరకు పేరుకున్నది, మూత్రపిండములు దెబ్బతిన్నవి, వృషణములు సరిగా ఎదగలేదు. రెండవ ఏటికే కొత్తపిల్లలు కరవైనాయి. చూడబోతే పెద్దచేపలు ఈదుతూనే ఉన్నాయి! అయితే వాటి ఆయుర్దాయము రెండు మూడేండ్లే గదా, వెనుక తరము లేక 2005 నాటికి ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. హార్మోను కలపడము మానిన కొన్నేండ్లకుగాని మళ్లీ పుంజుకోలేదు.

కెనడా సంగతి మనకెందుకు అనకండి. తిలాపియా పిల్లలన్నీ మగవి కావాలని, హేచరీలలో మిథైల్ టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను కలిపిన మేతను మొదటి మూడు నాలుగు వారాలు పెట్టే పద్ధతి ఉన్నది. అప్పటికి పిల్లలో ఆడ, మగ తేడా స్థిరపడి ఉండదు. అందుకే మందు పారుతుంది. పిల్లలు తినక మిగిల్చిన మేతలోని మందు నీటిలోకి, అడుగు బురదలోకి దిగుతుంది. అందుచేత ఆ తొట్ల నీటిని నేరుగా కాలువకు గాని, పక్క చెరువుకు గాని వదలవద్దు. వేరే గుంటలో నిలవబెట్టండి. బురదను కూడా విడిగానే తీయించండి. పిల్లలు తినగలిగినంత మేతే, కొద్దికొద్దిగా, పలుసార్లు వేయండి. మందు కలిపే మనిషికి చేతి తొడుగులు, మూతికి గుడ్డ తప్పనిసరి. గర్భిణులను ఆ పనికి పంపనే కూడదు.