గర్భిణీస్త్రీల సంఘము - గ్రామపెద్దల కర్తవ్యము



గర్భిణీస్త్రీల కొఱకు గ్రామమున నొక సంఘమును నెలకొల్పి నడుపుట యెట్లో నేడు మీకు విన్నవింపదలచితిని. “ఇది ఆడువారి సంగతి, మాకేల?” అని మీలో కొందఱనుకొనవచ్చును. సంఘము ఆడువారిదే. కాని యది నిలుచుటయు, నిలువకపోవుటయు చాలవఱకు పెద్దల చేతిలోనున్నది. కావుననే మీతో మాటలాడుచున్నాను.

మన పూర్వులు గర్భవతిని దౌహృదిని యనిరి. రెండు హృదయములు కలది యని దాని యర్థము. ఒక్క దేహమున రెండు ప్రాణములున్న ఆ కాలమున ఆమె మాట వినువారెవరు? క్రొత్తకోడలు అత్తవారింట నోరు మెదపదు. తలనొప్పి యన్నచో సోమరితన మందురు. మొగము వాచినదన్నచో కడుపుతో నున్నవారికి మామూలే యందురు. ఆ రెండును రక్తపుపోటు గుర్తులు కావచ్చునని యెవరికిని తోచదు. అట్టి కోడలు తనవంటివారు పదిమంది కూడినచోట నోరు విప్పును. సంఘమునకు మూలమిదియే.

ఇది ఊహామాత్రము కాదు. నేపాలదేశమందలి మక్వాన్‌పూర్ జిల్లా పల్లెలలో 2001 మొదలు 2003 వఱకు దీనిని పరీక్షించి చూచిరి. 24 ప్రాంతములను జతలు చేసి, జతకొక్క ప్రాంతమున స్త్రీల సంఘములను నెలకొల్పిరి. ఆరోగ్యకేంద్రముల సదుపాయములను మాత్రము రెండు వైపులను మెఱుగుపఱచిరి. అయినను సంఘములు లేనిచోట పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు 37 మంది నెల తిరుగకముందే గతించిరి. సంఘములున్నచోట 26 మంది. పిమ్మట మన దేశమున జార్ఖండు, ఒడిశా రాష్ట్రముల గిరిజన గ్రామములలో 2005 మొదలు 2008 వఱకు ఇట్లే పరీక్షింపగా, నెలలోపు శిశుమరణములు నూటికి 32 వంతులు తగ్గినవి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యీ పద్ధతిని సిఫారసు చేసినది.

ఆ సంఘములను నడపినవారు వైద్యులు కారు. ఆ ప్రాంతపు స్త్రీలే. నెలకొకమారు అందఱును కూడుదురు. బొమ్మలు చూపి, కథలు చెప్పి, “మన యూరిలో ఫలానా బిడ్డ యేల దక్కలేదు?” అని చర్చింతురు. కష్టములలో ముఖ్యమైనదానిని తామే యెన్నుకొందురు. ఉపాయమును తామే యాలోచింతురు. చేసిచూచి, ఫలించినదో లేదో తామే లెక్క చూచుకొందురు. మక్వాన్‌పూర్ స్త్రీలు ఆపదకు పనికివచ్చునని చందాలు కూడబెట్టిరి. నిండుచూలాలిని మోసికొనిపోవుటకు మోతమంచము లేర్పఱచుకొనిరి. నేను ముప్పదియేండ్లకు పైగా పాఠము చెప్పినవాడను గనుక నొకమాట చెప్పగలను. మనము చెప్పినది పిల్లలు పరీక్ష వఱకు జ్ఞాపకముంచుకొందురు. తామడిగి తెలిసికొన్నది జన్మమంతయు మఱువరు. కావున సంఘమునందు ఉపన్యాసము తక్కువగను, ప్రశ్న యెక్కువగను ఉండవలెను.

సంఘములెన్ని యుండవలెను? బంగ్లాదేశమున మొదట సుమారు 1,400 మంది జనమునకు ఒక్క సంఘము చొప్పున పెట్టి చూడగా ఫలము కానరాలేదు. తరువాత సుమారు 300 మందికొకటి చొప్పున పెట్టగా శిశుమరణములు తగ్గినవి. ఊరి గర్భవతులలో నూటికి ముప్పదిమందియైన రానిచో ఫలము స్వల్పమని అన్ని పరీక్షలను కలిపి చూచినవారు తేల్చిరి. కాబట్టి పెద్దయూరికి ఒక్క సంఘము చాలదు. పేటకొకటి, వాడకొకటి కావలెను. వాడలోని స్త్రీని ఊరిలోనికి రమ్మనుటకంటె వాడలోనే సంఘమును కూర్చుట మేలు. కూలికి పోవు స్త్రీ పగలు రాలేదు. కలుపుతీతల దినములలో ప్రొద్దుగూకిన పిదపనే కూడవలెను.

నడపుటకు బిడ్డలను కని పెంచిన, చదువను వ్రాయను వచ్చిన ఆ వాడ స్త్రీనే యెన్నుకొనుడు. అంగన్వాడీ టీచరును, ఆశా కార్యకర్తయు తోడుండుదురు. అత్తలను తప్పక పిలువవలెను. ఇంట వంటయు, విశ్రాంతియు, ఆసుపత్రి ప్రయాణమును అత్తగారి యాజ్ఞ లోనివే కదా! ఐరను మాత్ర వేసికొన్నచో విరేచనము నల్లబడునని భయపడి కోడలు దానిని మూల పారవేయును. అందువలన హాని లేదనియు, కాఫీ టీలతో కలిపి మాత్ర వేసికొనరాదనియు అత్తయు కోడలును కలిసి వినవలెను. ముఱ్ఱుపాలు పిండి పారబోయరాదని అమ్మమ్మలు వినవలెను. రక్తస్రావము, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబాఱుట, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గుట, నొప్పులు రాకమునుపే ఉమ్మనీరు పోవుట - వీనిలో ఏది కనబడినను తెల్లవాఱువఱకు ఆగరాదని అందఱును వినవలెను.

ఇచ్చట మన యాచారమును గూర్చి యొకమాట. తొలికాన్పు పుట్టినింట జరుగుట మనకు వాడుక. సీమంతమైన పిదప పిల్ల అత్తవారి యూరు విడుచును. ఆ యూరివారు తమ బాధ్యత తీరినదనుకొందురు. పుట్టినయూరి పట్టికలో ఆమె పేరింకను ఎక్కదు. అత్యంత జాగ్రత్త వలసిన ఆ నెలలలో ఆమె ఏ యూరి లెక్కలోను లేకపోవచ్చును. కావున సంఘము రెండు పట్టికలు వ్రాయవలెను: ఊరి కోడండ్రది యొకటి, కాన్పునకు వచ్చిన యాడపడుచులది యొకటి. పిల్ల బయలుదేరినపుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు ఆమె చేతికిచ్చి, ఆ యూరి ఆశా కార్యకర్తకు కబురంపవలెను. సారెతోపాటు ఈ కార్డును పంపుట మన మర్యాదలలో నొకటి కావలెను.

ఇక పెద్దలు చేయవలసిన పనులు నాలుగు. మొదటిది, వాహనము. 108 బండి 2005 నుండి మనకున్నది; కాని వానకు వాగు పొంగినను, దారి తెగినను అది ఊరిలోనికి రాలేదు. మన్యపు గూడెములలో నేటికిని డోలీ మోతలు తప్పుట లేదు. కావున ట్రాక్టరో, ఆటోయో, డోలీ మోయువారో, ఏ రాత్రి యెవరు సిద్ధముగ నుండవలెనో ముందే నిర్ణయింపుడు. రెండవది, ధనము. చేబదులు కొఱకు తిరుగుటలోనే ప్రాణము పోవు గడియ దాటును. మూడవది, రక్తము. ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకమారు రక్తమీయవచ్చును. అట్టివారి పేర్లును, రక్తపు వర్గములును వ్రాసి సంఘమునకిండు. నాలుగవది యన్నిటికంటె కష్టము: లోపలికి పోకుండుట. అధ్యక్షత వహింపబోకుడు, వాకిట కుర్చీ వేసికొని కూర్చుండబోకుడు. మీరు వినుచున్నారని తెలిసినచో ఏ కోడలును మాటలాడదు. వారు మిమ్ము పిలిచినపుడు పోయి, అడిగినది చేసి రండు.

ఏ యింటనైనను తల్లియో బిడ్డయో పోయినచో తలవ్రాత యని యూరకుండవలదు. ఎవరినో నిందింపను వలదు. ఆలస్యమెచ్చట జరిగినది? ఇంటనా, దారిలోనా, ఆసుపత్రి గుమ్మముననా? సంఘము నెమ్మదిగ విచారించి తెలిసికొనుగాక. తెలిసినదానిని సవరించు భారము మీది. రాబోవు అమావాస్య నాటికి మీ యూరిలో గర్భవతులెందఱో, వారిలో నెవరి నెల నిండుచున్నదో లెక్క తీయించుడు. పని యక్కడ మొదలగును.