లైసెన్సు ఉన్నోడికే లెక్కలు

(షార్జాలో రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు మాట్లాడింది)



జూన్ 2 వచ్చిందంటే ఢిల్లీని నాలుగు మాటలనుడు మనకు అలవాటే. ఇయ్యాల నేను ఒక విషయంల ఢిల్లీ దిక్కు మాట్లాడుతా, కోపం చేసుకోకుండ్రి.

విదేశీ ఉద్యోగాలకు మన పిల్లలను పంపెతందుకు మన రాష్ట్ర సర్కారుకు టామ్‌కామ్ అనే కంపెనీ ఉంది. సర్కారు కంపెనీయే, అయినా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్రం దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. "మన రాష్ట్రం మనకొచ్చినంక వాళ్ల పర్మిషన్ ఏంది?" అని కొందరు అడుగుతరు. నాకైతే ఇందుల తప్పు కనవడలే. కంపెనీ సర్కారుదే, మోసం జరిగితే విచారించే పోలీసులు సర్కారు వాళ్లే. లెక్క చూసెటోడన్న బయటోడు ఉండాలె గదా.

నా పంచాయితీ వేరే. ఈ నిఘా అంతా లైసెన్సు ఉన్నోడి మీదనే. జగిత్యాలల, నిర్మల్‌ల లైసెన్సు లేకుండ తిరిగే ఏజెంటును అడిగెటోడు లేడు. వాడు విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తడు. అక్కడ ఈ-మైగ్రేట్‌ల పేరుండది. ఇక్కడ లేబర్ కాంట్రాక్టు ఉండది, 2009ల వచ్చిన జీతాల రక్షణ పద్ధతీ వర్తించది. రెండు దేశాల కాగితాల్ల ఆ తమ్ముడు కూలోడు కాదు, టూరిస్టు.

అట్ల పంపినోనికి చట్టంల శిక్ష రెండేండ్ల దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. ఈడ ఓవర్ స్పీడుకు అంతకన్నా ఎక్కువ కడ్తున్నం! మోసం కేసైతే మన పోలీసులు పెట్టొచ్చు. ఈ చట్టం కింద కోర్టుకు పోవాలంటే మాత్రం 27వ సెక్షన్ ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి కావాలె. లేకుంటే కేంద్రం రాసిచ్చిన అధికారిదన్నా కావాలె. మనం కొట్లాడాల్సింది ఇక్కడ. లైసెన్సులు, తనిఖీలు ఢిల్లీ దగ్గరనే ఉండనీ. ఆ అనుమతిచ్చే అధికారం మన రాష్ట్ర అధికారికి రాసియ్యమని అడుగుదాం.

అదే సెక్షన్‌ల ఇంకో ముచ్చట ఉంది, ఊర్లల్ల చానమందికి తెల్వది. మోసపోయినోడు గానీ, వాని తరఫున అమ్మ, నాయిన, భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఏ అనుమతీ అక్కర్లేదు. ఇయ్యాల రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇది చెప్పుండ్రి. ఏజెంటుకు పైసలిచ్చిన రశీదు, వాట్సాప్ మెసేజీలు తీసెయ్యొద్దని గూడ చెప్పుండ్రి.

జై తెలంగాణ.